మా మరిది తొలి ఆల్బమ్

మా ఇంట్లో సిలువ పక్కన గోడకు ఒక రికార్డు అట్ట తగిలించి ఉంటుంది. దాని మీద ఒక నల్లటి మనిషి బొమ్మ. తాళ్లు పేనినట్టు జడలు, ఛాతీ దాకా గడ్డం, చుట్టూ పొగ. మొదటిసారి ఇంటికి వచ్చినవాళ్లు ఎవరైనా దాని ముందు కాసేపు ఆగుతారు. హిందువులైతే "ఈయన ఏ సాములోరమ్మా?" అంటారు. మా చర్చివాళ్లైతే "ఏ ప్రవక్త?" అంటారు. నేను ఇద్దరికీ ఒకటే జవాబు చెబుతాను. "మా మరిదికి గురువు" అని.

ఆయన జమైకా అనే దేశంలో పాటగాడట. అది ఆయన చేసిన మొట్టమొదటి ఆల్బమ్. అది మా ఇంటికి వచ్చింది మా అత్త వల్ల, ఉండిపోయింది మా అత్త చేసిన ఒక పొరపాటు వల్ల.

అత్త మా ఊరి బంగారు గని ఆఫీసర్ల బంగళాలో వంట చేసేది. ఆ బంగళా కుటుంబం ఆస్ట్రేలియాకు వెళ్లిపోతూ సామాన్లు పంచిపెట్టినప్పుడు అత్తకు రికార్డు ప్లేయరు, ఒక పెట్టె నిండా రికార్డులు ఇచ్చారు. అత్త గట్టి ప్రార్థనాపరురాలు. సినిమా పాట మా గడప తొక్కడానికి వీల్లేదు. డాన్సు పాట పేరు కూడా ఎత్తకూడదు. అందుకని ఒక్కో రికార్డూ వేసి, తలుపు దగ్గర నిలబడి విని, బాగా లేదనుకున్నవన్నీ మా గని క్వార్టర్ల లైన్లో ఇంటింటికీ పంచేసింది. చివరికి ఈ రికార్డు వేసింది. ఆ గొంతు "జయన్" అంది. బంగళావాళ్ల ఇంగ్లీషు చర్చిలో గుమ్మం బయట కూర్చుని విన్న మాటే అది, బైబిల్లో ఉండే సీయోను. కాసేపటికి బబులోను కూడా వినిపించింది. అట్ట చూస్తే జడలు, గడ్డం, చుట్టూ పొగ.

"సాంబ్రాణి వేసుకోని పాడతా ఉండాడు, ఎంత భక్తో చూడండి. ఇది దేవుని పాట. ఇది ఉండనీండి" అందట.

ఆ పొగ సాంబ్రాణిది కాదు, గంజాయిదని మా కూతురు పెద్దదయ్యాక చెప్పింది. అప్పటికి అత్త లేదు. మా ఆయన నవ్వు ఆపుకోలేక కూలబడిపోయాడు. "మా యమ్మ ఉపవాసాల నలభై దినాలూ ఇంగే పాటా ఎత్తనీలేదు కదమ్మే, దీన్ని తప్ప!" అన్నాడు.

నేను బేతమంగళ పక్క పల్లె నుంచి కోడలిగా వచ్చేసరికి ఆ రికార్డు ఇంట్లో పాతబడిపోయింది. ఆదివారం చర్చి నుంచి వచ్చి చెప్పులు విడవగానే అత్త దాన్ని వేసేది. నేను పొయ్యి దగ్గర సంగటి గెలికేదాన్ని. మొదట్లో ఆ పాట నాకు పట్టుబడలేదు. మామూలు పాటలో దెబ్బ పడే చోట దీంట్లో పడదు. నేను తెడ్డు కిందికి నొక్కేటప్పుడు ఊరుకుని, పైకి ఎత్తేటప్పుడు పడుతుంది. నాలుగు ఆదివారాలు తిట్టుకున్నాను. తర్వాత చెయ్యి దానంతటది సర్దుకుంది. ఇప్పటికీ ఆ పాట మోగితేనే నా సంగటిలో ఉండ కట్టదు.

అత్త దాని గురించి ఒక మాట అనేది. "కుంటుతా నడిచే పాట మేయ్ ఇది. కానీ చేరాల్సిన తావుకి మనకన్నా ముందే చేరతాది."

ఇంట్లో ఇంకే పాటకూ చోటు లేకపోవడం వల్ల మా మరిదికి అదే అమ్మ పాట, అదే సినిమా పాట, అదే బడి. నేను వచ్చేనాటికి అతను కొత్తగా గనిలో చేరాడు. మా ఆయనా అతనూ ఒకే గ్యాంగు. భూమి లోపల రాయి నింపిన టబ్బులను పట్టాల మీద తోసే పని. షిఫ్టు దిగి వచ్చి, మొహం మీద ధూళి కూడా కడుక్కోకుండా ఆ రికార్డు పక్కన చతికిలబడి, ఆ కుంటి నడక మీద తెలుగు మాటలు పెట్టి పాడేవాడు. మాటలన్నీ మావే. బేతమంగళ నుంచి వచ్చే నీళ్ల పైపు, మిల్లులో గని రాయిని పిండి చేసి పోసిన తెల్ల దిబ్బలు, లోపల రాయి పేలే ఎయిర్ బ్లాస్ట్ వచ్చి భూమి అదిరితే అటక మీద మోగే గిన్నెలు, గనిలోకి దిగే షాఫ్టు దగ్గర కొంగు నోట్లో పెట్టుకుని నిలబడే ఆడవాళ్లు. పుట్టినప్పటి నుంచి చూస్తున్నదే అయినా, అతని పాటలో విన్నాక మేము మా ఊరిని మళ్లీ చూశాం.

లోపల టబ్బు తోసేటప్పుడు కూడా అతనే పాట ఎత్తుకునేవాడట. ఆ గ్యాంగుకు ఒక పద్ధతి ఉండేదని మా ఆయన చెప్పేవాడు. ముందు ఒకడు పాడతాడు. ఊపిరి అయిపోతుందనిపించగానే తల తిప్పకుండా పక్కవాడి భుజం తడతాడు. ఆ పక్కవాడు మాట మధ్యలో ఉన్నా సరే అక్కడి నుంచే అందుకోవాలి. మళ్లీ మొదటికి పోకూడదు, ఆగకూడదు.

"పాట కింద పడితే టబ్బు నిలబడిపోతాది. నిలబడిన టబ్బును మళ్లా కదిలించాలంటే మీ నాయన రావల్ల" అనేవాడు మా ఆయన.

గని మూసేశాక అందరిలాగే మా మరిది కూడా పొద్దున్నే మారికుప్పంలో రైలెక్కి బెంగళూరుకు పనికి పోయాడు. గోడలకు సున్నం వేశాడు, గేట్ల దగ్గర కాపలా ఉన్నాడు. ఆ రైల్లో పెట్టె చెక్క మీద చేత్తో కొడుతూ పాడేవాడు. కూర్చోవడానికి చోటు దొరకని రోజున కూడా అతనికి చోటు ఇచ్చేవాళ్లు. ఆ రైలుకు వచ్చే వాళ్లలో అతని పాట రానివాళ్లు లేరంటే అతిశయం కాదు. కానీ ఆ పాటలు రైల్లోనే పుట్టి రైల్లోనే దిగిపోయేవి. యాభై దాటాక ఊపిరితిత్తుల్లో చేరిన రాతి ధూళి లెక్క అడగడం మొదలుపెట్టింది. మెట్లెక్కితే ఆయాసం. గట్టిగా నవ్వితే దగ్గు. పనికి పోవడం మానేశాడు. పాడడం మాత్రం మానలేదు. మా వాకిట్లో కూర్చుని, ముందుకంటే చిన్నగా, ముందుకంటే బాగా పాడేవాడు.

ఇప్పుడు అదే రైల్లో మా కూతురు పోతోంది, బెంగళూరు ఆఫీసుకు. రైల్లో పెద్దవాళ్లు దాన్ని పట్టుకుని "మీ చిన్నాయన ఎట్లుండాడమ్మా? ఆ పైపు పాట ఒకసారి పాడు" అని అడుగుతారట. ఒక సాయంత్రం వచ్చి బ్యాగు కూడా దించకుండా అంది.

"చిన్నాయనా, మనం ఆల్బమ్ చేస్తా ఉండాము."

"ఎవురిది?"

"నీది."

"నాకెందుకమ్మా? నేను యాడ, ఆల్బమ్ యాడ? గోడ మీద ఆయప్ప నవ్విపోతాడు."

వద్దన్నాడు గానీ ఆ రాత్రి అన్నం రెండుసార్లు పెట్టించుకున్నాడు. నాకు అర్థమైంది. తన తల్లి నమ్మిన ఆ రికార్డు పక్కన తనది ఒకటి ఉండాలని అతనికి ఎప్పటి నుంచి ఉందో. ఈ గొంతు ఇంకెన్నాళ్లు ఉంటుందో అతనికీ తెలియదు, డాక్టరుకూ తెలియదు. ఉన్నప్పుడే పట్టుకోవాలి.

మా కూతురికి తెలిసిన వాళ్లది బెంగళూరులో ఒక రికార్డింగు గది. నేను కూడా పోయాను, ఫ్లాస్కులో శొంఠి కాఫీ పోసుకుని. అద్దాల గదిలో మరిదిని ఒక్కణ్నే నిలబెట్టారు. చెవులకు పెద్ద పెద్ద డిప్పలు పెట్టారు. మేము అద్దానికి ఇవతల కూర్చున్నాం. గిటారు ముందే వాయించి పెట్టారు, అది అతని చెవుల్లోకి పోతోంది. పైపు పాట ఎత్తుకున్నాడు. ఎంత బాగా ఎత్తుకున్నాడంటే, మిషను దగ్గరున్న అబ్బాయి చేస్తున్న పని ఆపేసి తలెత్తి చూశాడు.

మూడో వరుస దగ్గర ఊపిరి అయిపోయింది. అప్పుడు మరిది తల తిప్పకుండా కుడి చెయ్యి పక్కకు చాపాడు.

పక్కన ఎవరూ లేరు. ఆ చెయ్యి గాలిలో కొంచెంసేపు అలాగే ఉండిపోయింది. పాట కింద పడిపోయింది.

మళ్లీ మొదలుపెట్టారు. మళ్లీ అదే చోటు, మళ్లీ అదే చెయ్యి. చేస్తున్నట్టు అతనికే తెలియడం లేదు. గనిలో పడిన అలవాటు, గొంతు ఆగితే చెయ్యి దానంతటది పోతుంది. నేను అద్దం ఇవతల కూర్చుని నా కొంగు నలిపేసుకున్నాను.

మిషను అబ్బాయి మంచివాడు. మెల్లగా లోపలికి పోయి, "సార్, తొందర లేదు. ఒక్కొక్క వరుస విడిగా పాడండి, మధ్యలో రెస్టు తీసుకోండి. మేము అతికించేస్తాం. ఎవరికీ తెలీదు" అన్నాడు.

మరిది అతని భుజం మీద చెయ్యేసి నవ్వాడు. "నాకు తెలుస్తాది కదప్పా" అన్నాడు.

రైల్లో తిరిగి వచ్చేటప్పుడు కిటికీ వైపే చూస్తూ కూర్చున్నాడు. బంగారుపేట దాటాక అన్నాడు, "ఇంగ వద్దు వదినా. నా ఊపిరి గనిలోనే ఇచ్చేసి వచ్చినాను. మిగిలింది అన్నం తినేదానికి."

కూతురు ఊరుకోలేదు. ఇంటికి వచ్చాక పట్టుకుంది. "చిన్నాయనా, నీకు ఆయాసం వచ్చిన చోట ఇంగొకరు పాడితే ఏమయితాది?"

అతనికి కోపం వచ్చింది. గోడ మీది అట్ట చూపించాడు. "ఆ పటంలో ఎంతమంది ఉండారు? చెప్పు! ఒక్కడే కదా! పదిమంది పాడితే అది భజన అయితాది. నా ఆల్బమ్ ఎట్లయితాది?"

మా ఆయన అప్పటికీ ఒక చురక అంటించాడు. "రేయ్, అట్లయితే మీ వదిన సంగటి చేసినట్టు చేస్తాము. గెలికేది ఈయమ్మ, పేరు పొయ్యిది."

"నువ్వు ఊరుకో అన్నా" అని మరిది లేచి వెళ్లిపోయాడు.

తర్వాత అతను వాకిట్లో పాడడం కూడా మానేశాడు. మా లైన్లో వాళ్లు నన్ను ఆపి అడిగేవాళ్లు, ఒంట్లో బాగాలేదా అని. ఒంట్లో ఎప్పుడూ ఉండేదే ఉంది. ఇది వేరే. ఇంట్లో ఒక గొంతు ఆగిపోతే ఇల్లు ఎంత ఖాళీ అవుతుందో గోడలకు తెలుస్తుంది.

ఒక ఆదివారం చర్చి నుంచి వచ్చి ఎప్పటిలాగే రికార్డు వేశాను. ప్లేయరు ఇంకా నడుస్తుంది, ముల్లు మాత్రం రాబర్ట్‌సన్‌పేట రేడియో షాపులో మార్పించుకుంటాం. మరిది కంచం ముందు కూర్చుని తింటున్నాడు. నేను రెండో వాయి సంగటి గెలుకుతున్నాను. అలవాటు కొద్దీ పాట కూడా నోట్లో ఆడుతోంది. నాకు ఇంగ్లీషు రాదు. అయినా కొన్ని వరుసలు నావి. అత్త ఉన్నప్పుడు అత్తా నేనూ కలిసి ఆ వరుసలే పాడేవాళ్లం.

తెడ్డు ఎత్తిన చేయి ఎత్తినట్టే నిలిచిపోయింది. నేను పాడే వరుసలు ఆ జడల మనిషి పాడేవి కావు. ఆయన ఒక మాట విసిరి ఊరుకుంటాడు. ఊరుకున్న చోట వెనకాల ఇంకెవరో అందుకుంటారు, ఇద్దరో ముగ్గురో. అత్తా నేనూ ఇన్నేళ్లుగా ఆ వెనకాలవాళ్లతో పాడుతున్నాం.

"అప్పా" అన్నాను మరిదితో, "ఇది విను. ఈ వరుస మీ గురువుది కాదు."

"ఏది?"

"ఇప్పుడొచ్చేది. ఇదో. ఆయప్ప ఆడ వదిలేసినాడు. పట్టుకునింది ఎవురు?"

అతను సంగటి ముద్ద పక్కన పెట్టి లేచాడు. ముల్లును వెనక్కి పెట్టాడు. విన్నాడు. మళ్లీ పెట్టాడు. కళ్లు మూసుకుని విన్నాడు. పుట్టి పెరిగిన ఇంట్లో కొత్త గది దొరికినవాడిలా ఉంది అతని ముఖం. ఇన్నేళ్లూ ఆ ఒక్క గొంతు వెంట పడి పోయాడు గదా, పక్కన ఉన్న గొంతులు చెవిన పడినా వినలేదు.

"ఒక్కడే పాడలేదు వదినా" అన్నాడు. "ఆయప్ప కూడా భుజం తట్టినాడు."

మా ఆయన కంచంలోంచి తల ఎత్తకుండా అన్నాడు. "పటంలో పొగ ఎక్కువైపోయి వెనకాల నిలబడినోళ్లు కనబళ్లేదు, అంతే."

మరిదికి నవ్వు వచ్చింది, దగ్గు వచ్చింది, మళ్లీ నవ్వు వచ్చింది. నీళ్లు తాగి, మా కూతురిని పిలిచి, "మీ మిషను అబ్బాయిని ఈడికే రమ్మను" అన్నాడు.

వాళ్లు మా ఇంటికే వచ్చారు. ఇల్లంటే ఎంత, ముందు ఒక గది, వెనక వంటిల్లు. కిటికీలకు దుప్పట్లు కట్టాం. పక్కింటివాళ్లను కుక్కర్ పెట్టవద్దని బతిమాలాం. ఎదురింటి ముసలమ్మ తన కోళ్లను తానే తోలుకుని చర్చి వెనక్కి పోయి కూర్చుంది, పాట అయ్యేదాకా రానని మాట ఇచ్చి. మా చర్చిలో గిటారు వాయించే అబ్బాయి వచ్చాడు. పాత గ్యాంగులో మిగిలిన ఇద్దరు వచ్చారు, ఇద్దరూ ఇస్త్రీ చొక్కాలు వేసుకుని. గొంతుకు చొక్కా కనబడదు కదా అంటే, "మాకు కనబడతాది కదా" అన్నారు.

మరిది, పక్కన నేను, నా పక్కన మా ఆయన, ఆ తర్వాత వాళ్లిద్దరు. టబ్బు వెనక నిలబడినట్టు భుజానికి భుజం ఆనించి నిలబడ్డాం. చెవులకు డిప్పలు లేవు. ఎలా మొదలుపెట్టాలో చెప్పమని మిషను అబ్బాయి అడిగితే మరిది బల్ల మీద మూడుసార్లు కొట్టాడు. మనుషులు కేజు, అంటే గని లిఫ్టు, ఎక్కుతున్నారని పైకి తెలియడానికి గనిలో అలాగే మూడుసార్లు గంట కొట్టేవాళ్లు. నా పక్కనున్న ముగ్గురూ ఆ చప్పుడు వినగానే కాళ్లు సర్దుకుని నిటారుగా అయ్యారు.

పైపు పాట. మొదటి వరుస, రెండో వరుస, మూడోది. నేను నేల చూస్తున్నాను. ఇంతవరకూ పొయ్యికే గానీ మనుషులకు పాడినదాన్ని కాదు. ఊపిరి సన్నబడడం వినిపించింది. అప్పుడు నా భుజం మీద చెయ్యి పడింది. తట్టడం కూడా కాదు, ఆకు రాలినట్టు ఆనించాడు.

అందుకున్నాను. 'నీళ్లు' అన్న మాటలో సగం అతనిది, సగం నాది. తర్వాత నా చెయ్యి మా ఆయన భుజం మీదికి ఎప్పుడు పోయిందో నాకు తెలియదు. ఆయన అందుకున్నాడు, ఆయన తర్వాతివాడు అందుకున్నాడు. అంతలోకి మరిది ఊపిరి తీసుకుని తిరిగి వచ్చి పాటను తన చేతిలోకి తీసుకున్నాడు. ఆ రావడం చూడాలి! రెస్టు తీసుకుని వచ్చిన గొంతు కాదు అది, షిఫ్టు దిగి ఇంటికి వచ్చిన మనిషి గొంతు. పాట ఎక్కడా కింద పడలేదు.

ఎనిమిది పాటలు అలాగే పాడాం. చివరిది అత్త మీద కట్టిన పాట, కుంటుతూ నడిచి ముందే చేరే మనిషి అని. దాంట్లో ఒక చోట అతని దగ్గు వినిపిస్తుంది. తీసేయాలా అని మిషను అబ్బాయి అడిగాడు. "ఉండనీప్పా, అది కూడా ఈ ఊరి పాటే" అన్నాడు మరిది.

ఆల్బమ్ ఫోన్లలోకి వచ్చేసింది. మా కూతురు మాత్రం కొన్ని నల్ల రికార్డులు కూడా చేయించింది, పెద్ద అట్టలతో. అట్ట మీద ఫోటోకు ఒక్కడివే నిలబడు అంటే మరిది ఒప్పుకోలేదు. ఇప్పుడు ఆ అట్ట మీద వెనక నుంచి తీసిన అయిదు వీపులు, భుజాల మీద చేతులు, ఎదురుగా తెల్ల దిబ్బ. మా ఆయన వీపు అందరికన్నా వెడల్పు. రాబర్ట్‌సన్‌పేటలో ఎవరు కనిపించినా ముందు తన వీపు చూపించి, తర్వాత తమ్ముడి పేరు చూపిస్తాడు.

మా చర్చి హాల్లో అందరికీ వినిపించాం. గనిలో చేసినవాళ్లు, వాళ్ల కొడుకులు, కోడళ్లు, రైల్లో అతని పాట విన్నవాళ్లు, నంగలి నుంచి బస్సెక్కి వచ్చిన మా చుట్టాలు. కుర్చీలు చాలలేదు. నేను కొత్త చీర కట్టుకుని ముందు వరుసలో కూర్చున్నాను. నిజం చెప్పాలంటే నాకు ఒకటే ఆశ. ఈ వయసులో నా గొంతు అంత పెద్ద పెట్టెల్లోంచి వస్తే ఎలా ఉంటుందో వినాలని.

రికార్డు తిరిగింది. మూడు దెబ్బలు వినబడ్డాయి. వెనకాల ముసలివాళ్లందరూ మాటలు ఆపేశారు. మరిది గొంతు వచ్చింది. ఒకటో వరుస, రెండో వరుస. మూడో వరుసలో ఊపిరి సన్నబడింది. ఇప్పుడు నేను వస్తానని చెవులు రిక్కించాను.

హాలంతా అందుకుంది. ఎవరూ చెప్పలేదు, ఎవరూ చెయ్యి ఊపలేదు. ఆ ఊపిరి సన్నబడిన చప్పుడు వాళ్లకు చాలు. ఇస్త్రీ చొక్కాలు, తెల్ల జుట్లు, ఆయాసం గొంతులు, ఒకరి భుజం మీద ఒకరి చెయ్యి. నా వరుస మొత్తం ఆ గొంతుల్లో కొట్టుకుపోయింది, నాకు ఒక్క అక్షరం వినబడలేదు.

మరిది పక్క కుర్చీలోంచి నా వైపు వంగాడు. కళ్లల్లో నీళ్లు, ముఖం నిండా నవ్వు.

"వదినా, నీ వంతు ఈళ్లు లాక్కునేసినారే!"

"పోనీలేప్పా" అన్నాను. "పాట కింద పడలేదు కదా."